షెల్టర్ ఒక మజిలీ... ఇల్లు మనమే ఇవ్వాలి

సొంతవాళ్లు వదిలేసిన కుక్కను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. వీధిలో పుట్టి పెరిగిన కుక్క మనిషి అడుగు విని పక్కకు తప్పుకుంటుంది. వదిలేసిన కుక్క మాత్రం ఆగిన ప్రతి బండి దగ్గరకూ పరుగెత్తి, దిగినవాళ్ల ముఖాలు చూస్తుంది. మెడ చుట్టూ పట్టీ ఒరుసుకుని వెంట్రుకలు ఊడిన గుర్తు ఇంకా ఉంటుంది. పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అయితే మొదటి తప్పుకు జరిమానా యాభై రూపాయలు మించదు. ఇంత చిన్న శిక్షకు భయపడేదెవరు?

మద్రాసులో 1959లో వానలకు వీధులు మునిగినప్పుడు, వరద నీళ్లలో కొట్టుకుంటున్న రెండు కుక్కపిల్లలను కెప్టెన్ వి.సుందరం ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన విమాన చోదకుడు. భార్య ఉషా సుందరం కూడా విమానాలు నడిపినవారే. జంతు సంరక్షణ సంస్థ బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా అలా ఆ ఇంట్లోనే మొదలైంది. అప్పట్లో కార్పొరేషన్ వీధికుక్కలను పట్టి చంపేసేది. చంపినకొద్దీ కొత్తవి వస్తూనే ఉన్నాయి కాబట్టి సంతాన నిరోధక ఆపరేషన్లు చేసి, టీకాలు వేయడమే మార్గమని బ్లూక్రాస్ 1964 నుంచీ వాదించింది. కార్పొరేషన్ ఆ మాట వినడానికి 1996 దాకా పట్టింది. ఈలోగా తెలుగు నేల మీదా పని మొదలైంది. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో బ్లూక్రాస్ స్థాపించారు. విశాఖలో 1996లో వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ వచ్చింది.

ఈ సంస్థలన్నిటికీ ఉన్న అసలు ఇబ్బంది ఒకటే. గాయపడినవి, వదిలేసినవి లోపలికి వస్తూనే ఉంటాయి, బయటికి వెళ్లేవి తక్కువ. ఎంత మంచి షెల్టరైనా వందల గొంతులు ఒకేసారి మొరిగే చోటు. అక్కడ జబ్బులు తొందరగా పాకుతాయి, మనిషి చెయ్యి అన్నిటికీ అందదు. బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని కుక్కలను పట్టి షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. పిల్లల భద్రత గురించి కోర్టు పడిన ఆందోళనలో న్యాయం ఉంది. కానీ ఉన్న షెల్టర్లు ఖాళీ కాకుండా కొత్తవాటికి చోటెక్కడిది? అందుకే విరాళం కన్నా ముందు అడగాల్సింది దత్తత.

దత్తతకు వెళ్లినవాళ్లు ముద్దొచ్చే కుక్కపిల్లలను ఎత్తుకుంటారు. నాలుగేళ్లు దాటిందీ, నల్లదీ, ఒక కాలు పోయిందీ అలాగే ఉండిపోతాయి. నా మట్టుకు నేను పెద్ద కుక్కనే తెచ్చుకోమంటాను. దాని స్వభావం ఏమిటో షెల్టర్ వాళ్లు ముందే చెప్పగలరు. చెప్పులు కొరికే వయసు దాటిపోయి ఉంటుంది. మన ఎండలకు, మన తిండికి అలవాటుపడిన దేశవాళీ ఒళ్లు దానిది. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ 2025 ఆగస్టు 17న జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. పెద్దవాటికీ అలాంటి మేళాలు జరగాలి.

కుక్కను తెచ్చిన మొదటి రోజుల్లో అది మంచం కింద దూరుతుంది, సరిగా తినదు. చూద్దామని వచ్చే చుట్టుపక్కలవాళ్లను కొన్నాళ్లు ఆపండి. ఒక మూల గోనెపట్టా పరిచి, నీళ్ల గిన్నె పెట్టి, దాని జోలికి పోకుండా మీ పని మీరు చేసుకోండి. ఒక సాయంత్రం అదే వచ్చి మీ పాదాల దగ్గర పడుకుంటుంది. అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి పెట్టినా, రాగి సంకటి పెట్టినా తింటుంది. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, ఉడికిన ఎముకలు మాత్రం పెట్టకూడదు. రేబిస్ టీకా ఏటా వేయించాలి. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్క కాటు వల్లే. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే ఆ జబ్బు గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

తమిళనాడులోని ధర్మపురి లాంటి ఊళ్లలో చెన్నై బ్లూక్రాస్ అంత షెల్టర్ ఉండదు. కానీ నగరంలో అపార్టుమెంట్లకు లేనిది ఇక్కడ ఉంది. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు వైపు తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మామిడి తోట, రాగి చేను, పశువుల పాక ఉన్న ఇంటికి ఒక కుక్క బరువు కాదు. తోటకు కాపలా ఉన్నట్టూ ఉంటుంది. ఆపరేషన్ చేయించడానికి, టీకాలు వేయించడానికి దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలలో ముందుగా అడగండి. సొంతంగా పెంచుకోలేనివాళ్లు కొత్త ఇల్లు దొరికేదాకా నాలుగు వారాలు మేడ మీద చోటిచ్చినా ఒక ప్రాణం నిలుస్తుంది.

ఈ వేసవిలో కుక్కపిల్లను కొనాలని ఇంట్లో మాట వచ్చిందా? డబ్బు చేతికిచ్చేముందు ఒక్కసారి మీకు దగ్గర్లోని షెల్టర్‌కు వెళ్లండి. పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లండి. ఎక్కువ కాలంగా అక్కడే ఉండిపోయింది ఏదో అడిగి, దాన్నే ముందు చూడండి.