బొమ్మ నొక్కితే మాట

రెడ్డిగూడెం వైపు ఊళ్ళలో పిల్లవాడికి ఆటిజం అని తేలితే, స్పీచ్ థెరపీ కోసం చాలామంది మైలవరం మీదుగా విజయవాడ వెళ్ళాల్సిందే. మామిడి తోటల్లో కూలికి పోయే తల్లి వారం వారం పని మానుకుని ఎన్నాళ్ళు తిప్పగలదు? ఆ తల్లి చేతిలోని ఫోనుకు పనికొచ్చే సాధనం ఒకటి చెన్నైలో పుట్టింది. దాని పేరు ఆవాజ్.

మొదట అది ఆటిజం కోసం చేసింది కాదు, యాప్ కూడా కాదు. మద్రాసు ఐఐటీలో చదివిన అజిత్ నారాయణన్, చెన్నైలోని విద్యాసాగర్ సంస్థలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కోసం తయారుచేసిన పెట్టె అది. విదేశీ పరికరాల ధర లక్షల్లో ఉన్న రోజులవి. పెట్టె తెర మీద బొమ్మల గళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కావలసిన గడి వెలిగినప్పుడు పిల్లవాడు తల కాస్త కదిపితే చాలు, పెట్టె ఆ మాట పైకి పలుకుతుంది. 2010లో అది బయటికొచ్చింది. అదే ఏడాది ఐప్యాడ్ కూడా వచ్చింది. టాబ్లెట్టే ఉండగా వేరే పెట్టె ఎందుకు? 2012 నాటికి ఆవాజ్ యాప్‌గా మారింది, ఆటిజం పిల్లల ఇళ్ళకు చేరింది. నోటి మాట విన్నంతలోనే గాలిలో కలిసిపోతుంది. బొమ్మ కళ్ళెదుటే ఉంటుంది. వీళ్ళలో చాలామందికి బొమ్మ పట్టుబడేది అందుకే.

తర్వాత తెలుగూ చేరింది. మన భాషతో ఒక చిక్కుంది. ‘అమ్మ’, ‘నీళ్ళు’, ‘ఇవ్వు’ అని మూడు బొమ్మలు నొక్కితే అమ్మ ఇవ్వాలా, అమ్మకు ఇవ్వాలా? బొమ్మకు విభక్తి ఉండదు. 2013లో టెడ్ వేదికపై అజిత్ చూపిన ఫ్రీస్పీచ్ ఇలాంటి చిక్కును విప్పే ప్రయత్నమే: ఎవరు, ఏమిటి, ఎవరికి అనే ప్రశ్నలతో బొమ్మలను కలిపితే వ్యాకరణం సంగతి యంత్రమే చూసుకుంటుంది. ఇంట్లో అంత అవసరం రాదు. ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ బిడ్డను చూస్తే ఏ అమ్మకైనా తెలిసిపోతుంది.

“ఇది అలవాటైతే ఇక నోరు విప్పడేమో” అన్న భయం దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. 2006లో వెలువడిన ఒక సమీక్షలో, మాటకు తోడుగా సైగలు, బొమ్మల వంటి పద్ధతులు వాడిన 27 మందిని పరిశీలిస్తే ఒక్కరికీ మాట తగ్గలేదు. 89 శాతం మందికి పెరిగింది. ఆ భయంతో ఏళ్ళు పోగొట్టుకోవద్దని ప్రతి తల్లికీ చెప్పాలనిపిస్తుంది.

అయితే ఫోను పిల్లవాడికిచ్చి పక్కకు వెళితే మాట రాదు. అన్నం పెడుతూ ‘అన్నం’ అంటూ తల్లి కూడా ఆ బొమ్మ నొక్కాలి. వాడు నొక్కకపోయినా రోజూ నొక్కుతూనే ఉండాలి. యాప్‌లోని బొమ్మ కంటే వాడి సొంత కంచం, నానమ్మ, పెరట్లో మామిడిచెట్టు ఫొటోలు తీసి గళ్ళలో పెడితే త్వరగా గుర్తుపడతాడు. యూట్యూబ్‌లోకి జారిపోకుండా ఫోనులో స్క్రీన్ పిన్ చేసుకోవచ్చు. ఆ గళ్ళను కాగితం మీద ప్రింటు తీసుకునే వీలూ ఉంది. ఛార్జింగ్ అయిపోయినప్పుడు, స్నానం చేయిస్తున్నప్పుడు, బడికి పంపేటప్పుడు ఆ కాగితం పనికొస్తుంది. ఒక ప్రతి అంగన్‌వాడీ టీచరుకూ ఇవ్వండి.