బెదురు చూచి దోషి అనవచ్చునా?

కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ నవలలు చదివినవారికి యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు జ్ఞాపకం ఉండే ఉంటారు. నవలలో అనుమానితుడు తడబడితే మనకు సరదా. నిజంగా ఒక బెదురు మనిషి తడబడితే వాని బ్రతుకే కూలిపోవచ్చును. పదిమందిలో నోరు పెగలనివారు, పై అధికారి పిలిస్తేనే చెమటలు పట్టేవారు ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. అటువంటివానిని ఖూనీ కేసులో ప్రశ్నిస్తే ఏమవుతుంది?

ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊరిలో స్టెఫాన్ కిష్కో అని పన్నుల ఆఫీసు గుమాస్తా ఉండేవాడు. బిడియస్థుడు, తల్లి షార్లెట్ తప్ప వేరే లోకం ఎరుగడు. 1975 అక్టోబరులో పదకొండేండ్ల బాలిక ఒకతె హత్యకు గురి అయింది. డిసెంబరులో పోలీసులు కిష్కోను పట్టుకొని, పక్కన ప్లీడరు లేకుండా మూడు రోజులు ప్రశ్నించారు. అతడు నేరం ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే ఇంటికి పోనిస్తారని నమ్మానని తరువాత చెప్పుకున్నాడు. ఆ మాటను వెనక్కు తీసుకున్నా లాభం లేకపోయింది. 1976లో యావజ్జీవ శిక్ష పడింది. బాలిక దుస్తులపై దొరికిన మరక అతనిది కాజాలదని వైద్య పరీక్షవల్ల తేలగలిగి ఉండగా, ఆ సంగతి అతని ప్లీడర్లకు అందనే లేదు.

తల్లి మాత్రం పట్టు విడువలేదు. కాంప్‌బెల్ మలోన్ అనే న్యాయవాది తోడయ్యాడు. 1992లో కిష్కో నిర్దోషిగా బయటకు వచ్చాడు. మరుసటి ఏడాది డిసెంబరులో, 41 ఏండ్లకే కన్నుమూశాడు. 1994లో తల్లి కూడా పోయింది. డి.ఎన్.ఏ. పరీక్షవల్ల అసలు హంతకునికి శిక్ష పడినది 2007లో! ఆ మాట వినడానికి తల్లీ కొడుకులు ఇద్దరూ లేరు.

ఇదంతా సీమలో సంగతి అనుకోవద్దు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టలులో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. 2008లో ఒక పేద యువకుని పట్టుకున్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైదరాబాదు హైకోర్టు అతడు నిర్దోషి అని, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మని తీర్పు చెప్పింది. అప్పటికి ఎనిమిదేండ్లకు పైగా జైలులోనే గడిచిపోయాయి. వింత ఏమంటే, అతడు దోషి కాడని పదే పదే చెప్పినవారు బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులే.

మన చట్టం బెదురు మనిషిని పూర్తిగా మరచిపోలేదు. పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం కాదు. మేజిస్ట్రేటు ఒప్పుకోలు వ్రాసుకోవాలన్నా, చెప్పి తీరవలసిన అవసరం లేదని, చెబితే అది తనకే ఎదురు తిరగవచ్చునని ముందుగా హెచ్చరించాలి. మన కర్ణాటక నుండి వెళ్లిన సెల్వి కేసులో 2010లో సుప్రీంకోర్టు, మనిషి సమ్మతి లేకుండా మత్తుమందు పరీక్షలు, అబద్ధాలు పట్టే యంత్రం పరీక్షలు చేయరాదన్నది. అరెస్టు చేసిన 24 గంటలలో, ప్రయాణకాలం మినహాయించి, మేజిస్ట్రేటు ముందు నిలపాలి. అరెస్టు సంగతి బంధువుకు గాని స్నేహితునికి గాని తెలియజేయాలి.

ఆ ‘స్నేహితుడు’ అనే మాటలోనే తోటి ఉద్యోగి బాధ్యత ఉన్నది. స్టేషనుకు వెంట వెళ్లడం, ప్లీడరును పిలిపించడం, ఆనాడు మనిషి పనిలో ఉన్నాడని హాజరుపట్టీ చూపి చెప్పడం, ఇవి చిన్న పనులు కావు. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి సుమా! స్నేహం కొద్దీ లేనిది కల్పిస్తే మిత్రునికే ముప్పు.

పావగడ తాలూకాలో ఇంకొక చిక్కున్నది. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. బెదిరినవానికి వచ్చిన భాష కూడా రాదు. కాగితంలో ఏమున్నదో చదివించుకొని, అర్థమైన తరువాతనే వ్రేలు పెట్టాలి. ప్లీడరుకు డబ్బు లేనివారికి తాలూకా న్యాయసేవా సమితి ఉన్నది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

చెమట పట్టిన ముఖం భయానికి గుర్తు. దోషానికి గుర్తు వేరే వెతకాలి.