అమెరికాలో మొదటి సెమిస్టర్: ఏ తప్పు సరిదిద్దుకోవచ్చు.. ఏది స్టేటస్‌నే పోగొడుతుంది?

ఆగస్టు వచ్చిందంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒకటే సందడి. రెండు పెద్ద సూట్‌కేసులు, ప్యాక్ చేసిన ఆవకాయ, పొడులు, కళ్లు తుడుచుకునే అమ్మానాన్నలు, సెల్ఫీలు దిగే ఫ్రెండ్స్. ఎంఎస్ కోసం అమెరికా వెళ్లే పిల్లలకు వీసా స్టాంప్ పడితే గండం గట్టెక్కినట్టే అనిపిస్తుంది. కానీ అసలు పరీక్ష మొదలయ్యేది అక్కడ దిగాకే. మొదటి నాలుగు నెలల్లో జరిగే పొరపాట్లలో చాలావరకు యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్లి మాట్లాడితే సర్దుకుంటాయి. ఒక్కటి మాత్రం దాదాపు సర్దుకోదు. అదేంటో, ఎందుకో చూద్దాం.

దిగగానే ఏం చేయాలి?

ఎఫ్-1 వీసాపై వెళ్లేవాళ్లు కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి మాత్రమే అమెరికాలో అడుగుపెట్టగలరు. దిగిన ఒకట్రెండు రోజుల్లో ఐ-94 రికార్డును ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి. అందులో పేరు, పాస్‌పోర్ట్ నంబర్ సరిగా ఉన్నాయా, వీసా రకం ఎఫ్-1 అనే ఉందా అని చూసుకోవాలి. తేడా ఉంటే వెంటనే చెప్పి దిద్దించుకోవాలి.

ఆ తర్వాత ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుకు వెళ్లి చెక్-ఇన్ కావాలి. అక్కడ ఉండే డీఎస్‌వో అనే అధికారి విద్యార్థి వచ్చినట్టు సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో నమోదు చేస్తారు. కోర్సు మొదలైన 30 రోజుల్లోగా ఇది జరగాలి. ఫ్లైట్ లేటయిందనో, జ్వరమొచ్చిందనో చెక్-ఇన్ మర్చిపోతే రికార్డు రద్దయ్యే ప్రమాదం ఉంది.

ఇక్కడ తెలుగు విద్యార్థులు తరచుగా మర్చిపోయే సంగతి ఇంకోటుంది. మొదట కొన్నాళ్లు సీనియర్ల రూమ్‌లో సర్దుకుంటారు. తర్వాత నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. ఇలా ఇల్లు మారిన ప్రతిసారీ 10 రోజుల్లోగా కొత్త అడ్రస్ యూనివర్సిటీకి చెప్పాలి. చిన్న పనే, కానీ ఇది రూల్.

సబ్జెక్ట్ వదిలేస్తే ఏమవుతుంది?

ఎఫ్-1 విద్యార్థి ఫుల్‌టైమ్ చదవాలి. డిగ్రీ స్థాయిలో సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. పీజీలో ఎన్ని అనేది యూనివర్సిటీ నిర్ణయిస్తుంది. ఎక్కువ చోట్ల 9 ఉంటాయి, అంటే మూడు సబ్జెక్టులు. ఈ లెక్కలో ఆన్‌లైన్ క్లాస్ ఒక్కటే చెల్లుతుంది, అది కూడా 3 క్రెడిట్లకు మించకూడదు.

మిడ్‌టర్మ్‌లో మార్కులు తక్కువ రాగానే కొందరు భయపడి పోర్టల్‌లో ఒక సబ్జెక్ట్ డ్రాప్ చేసేస్తారు. క్రెడిట్లు 9 నుంచి 6కు పడిపోతాయి. అంతే, స్టేటస్ పోయినట్టే! నిజానికి దీనికి దారి ఉంది. అక్కడి బోధన పద్ధతి కొత్తగా ఉండటం, ఇంగ్లిష్‌తో ఇబ్బంది, స్థాయికి మించిన సబ్జెక్ట్ ఎంచుకోవడం లాంటి కారణాలుంటే క్రెడిట్లు తగ్గించుకునే వీలుంది. అనారోగ్యానికైతే వేరే నిబంధన ఉంది. కాకపోతే డీఎస్‌వో అనుమతి ముందే తీసుకోవాలి. డ్రాప్ చేశాక వెళ్లి చెబితే చిక్కే.

సరిదిద్దుకోలేని తప్పు ఇదే

చాలా ఇళ్లలో అమెరికా చదువంటే ఎడ్యుకేషన్ లోన్, పొలం తాకట్టు, అమ్మ బంగారం. కొన్ని సంస్థలు చదువుతుండగానే వడ్డీ కట్టించుకుంటాయి. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఏమీ అనకపోయినా, పిల్లలకు ఆ భారం తెలుసు. సరిగ్గా ఆ టైంలోనే ఎవరో ఒకరు చెప్తారు. 'ఫలానా గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ ఇస్తారు. అందరూ చేస్తున్నదే, ఏం కాదు' అని.

ఇదే అసలు ప్రమాదం. మొదటి ఏడాది ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో మాత్రమే పని చేయొచ్చు. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకూడదు. రెండు ఉద్యోగాలున్నా కలిపి 20 గంటలే. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు. బయట రెస్టారెంట్, స్టోర్, గ్యాస్ స్టేషన్‌లో అనుమతి లేకుండా పని చేస్తే అది చట్టవిరుద్ధం. జీతం చేతికి క్యాష్‌గా ఇచ్చినంత మాత్రాన అది పని కాకుండా పోదు.

మిగతా తప్పులకు, దీనికి తేడా ఏంటంటే.. ఏదైనా కారణంతో స్టేటస్ పోతే రీఇన్‌స్టేట్‌మెంట్ అనే అవకాశం ఉంది. సాధారణంగా 5 నెలల్లోపు దరఖాస్తు చేసి, తప్పు తన చేతిలో లేని పరిస్థితి వల్ల జరిగిందనో, డీఎస్‌వో ఇవ్వగలిగిన అనుమతి విషయంలో జరిగిందనో చూపించాలి. అయితే అనుమతి లేని ఉద్యోగం చేసి ఉంటే ఆ తలుపు మూసుకుపోతుంది. రీఇన్‌స్టేట్‌మెంట్‌కు అర్హతే ఉండదు. అంతేకాదు, తర్వాత వీసా, హెచ్-1బీ, గ్రీన్ కార్డ్ దరఖాస్తుల్లోనూ ఈ ప్రశ్న ఎదురవుతుంది.

మరి క్యాంపస్ జాబ్‌తో ఎంతొస్తుంది? గంటకు 12 డాలర్లు అనుకుంటే 20 గంటలకు వారానికి 240 డాలర్లు. దాంతో ట్యూషన్ ఫీజు కట్టలేరు. షేరింగ్ రూమ్ అద్దె, సరుకుల ఖర్చు వరకు గట్టెక్కొచ్చు. అందుకే మొదటి ఏడాది ఫీజుకు డబ్బు సర్దుకోకుండా 'అక్కడికెళ్లాక సంపాదిస్తాలే' అని విమానం ఎక్కితేనే ఇబ్బంది. ఆ ధీమానే తర్వాత గ్యాస్ స్టేషన్ వైపు నడిపిస్తుంది.

క్యాంపస్‌లో జాబ్ ఆఫర్ వచ్చాకే సోషల్ సెక్యూరిటీ నంబర్‌కు దరఖాస్తు చేసుకోవాలి. దానికి ఫీజు ఉండదు. సాధారణంగా ఒక అకడమిక్ ఇయర్ పూర్తయ్యాక సీపీటీ కింద ఇంటర్న్‌షిప్, చదువు అయ్యాక 12 నెలల ఓపీటీ, స్టెమ్ కోర్సులకు మరో 24 నెలలు.. ఇలా చట్టబద్ధమైన దారులున్నాయి. నాలుగు నెలల క్యాష్ జీతం కోసం వీటన్నిటినీ పోగొట్టుకోవడం ఎంత నష్టమో లెక్క వేసుకోవచ్చు.

అసైన్‌మెంట్ కాపీ కొడితే?

ఇక్కడ రికార్డు ఫ్రెండ్‌ది చూసి రాయడం మామూలే. అక్కడ అలా కుదరదు. సీనియర్ ఇచ్చిన పాత కోడ్, నెట్‌లో తీసిన పేరాగ్రాఫ్ సాఫ్ట్‌వేర్‌కు దొరికిపోతాయి. కేసు అకడమిక్ ఇంటిగ్రిటీ ఆఫీసుకు వెళ్తుంది. సబ్జెక్ట్‌లో ఫెయిల్ చేయొచ్చు, సస్పెండ్ కూడా చేయొచ్చు. సస్పెండ్ అయితే స్టేటస్‌కూ ముప్పే. పీజీలో జీపీఏ సాధారణంగా 3.0కు తగ్గకూడదు. డౌట్ ఉంటే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌లో వెళ్లి అడగడం అక్కడ మామూలు విషయం. ఎవరూ తక్కువగా చూడరు.

ఒంటరితనం, ఫేక్ కాల్స్

అక్టోబర్, నవంబర్ నెలలు చాలా మందికి కష్టంగా గడుస్తాయి. చలి, త్వరగా చీకటి పడటం, పరీక్షలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, దాని ఖర్చు చాలా చోట్ల ఫీజులోనే కలిసి ఉంటుంది. మనసు మరీ బాగోలేకపోతే 988 నంబర్‌కు ఎప్పుడైనా కాల్ చేయొచ్చు. ప్రాణాపాయమైతే 911. చిన్న జ్వరానికి ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు గుండె ఆగేలా ఉంటుంది. ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్‌కు వెళ్లడం మంచిది.

'ఇమిగ్రేషన్ ఆఫీస్ నుంచి మాట్లాడుతున్నాం, గిఫ్ట్ కార్డులు కొని నంబర్ చెప్పకపోతే అరెస్ట్ చేస్తాం' అని ఫోన్ వస్తే అది మోసం. ప్రభుత్వం ఎప్పుడూ అలా డబ్బు అడగదు.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది

కాలేజీకి ఫోన్ చేసి 'మా అబ్బాయి ఎలా చదువుతున్నాడు' అని అడిగితే సాధారణంగా జవాబు రాదు. ఫెర్పా అనే 1974 నాటి చట్టం ప్రకారం కాలేజీ విద్యార్థి రికార్డులపై హక్కు విద్యార్థిదే. కాబట్టి మార్కులైనా, కష్టమైనా పిల్లలే చెప్పాలి. చెప్పగలిగే చనువు ఇంట్లో ఉండాలి. 'ఇంకా జాబ్ దొరకలేదా' అని ప్రతి కాల్‌లో అడిగితే వాళ్లు తప్పుదారి వెతుక్కునే అవకాశం ఉంది.

మర్చిపోకూడని ఇంకో ఫారం

ఆదాయం ఒక్క డాలర్ లేకపోయినా ఎఫ్-1 విద్యార్థులు ఏటా ఫారం 8843 పంపాలి. దీనికి గడువు జూన్ 15. ఆదాయం ఉంటే ట్యాక్స్ రిటర్న్‌తో కలిపి ఏప్రిల్ 15లోగా ఇవ్వాలి.

ఇమిగ్రేషన్ నిబంధనలు మారుతూ ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో సీనియర్ చెప్పింది రెండేళ్ల కిందటి మాట కావొచ్చు. సబ్జెక్ట్ డ్రాప్ చేయాలన్నా, జాబ్ ఒప్పుకోవాలన్నా, దేశం దాటి వెళ్లాలన్నా ముందు డీఎస్‌వోకు ఒక ఈమెయిల్ పెట్టాలి. ఒకవేళ ఇప్పటికే బయట పని చేసి ఉంటే వెంటనే ఆపేసి ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. కొన్ని యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా కూడా దొరుకుతుంది.