దుమ్ముగూడెం కాలువ

గోదావరిని జలమార్గంగా మలచి, నాగపూరు, బీరారు ప్రాంతాల పత్తిని పడవలపై సముద్రతీరానికి చేర్చాలని పంతొమ్మిదవ శతాబ్దంలో సర్ ఆర్థర్ కాటన్ సంకల్పించాడు. అయితే భద్రాచలానికి ఎగువన నదీగర్భంలోని బండరాళ్ళు పడవలకు అడ్డు నిలిచాయి. ఆ అవరోధాన్ని తప్పించడానికే దుమ్ముగూడెం వద్ద ఆనకట్టను, దాని పక్కన లాకులతో కూడిన కాలువను నిర్మించారు.

లాకు అంటే రెండు తలుపుల నడుమ ఉండే నీటి గది. ఎగువకు పోవలసిన పడవ లోనికి రాగానే దిగువ తలుపు మూసి, పైనుండి నీరు వదులుతారు. నీటితోపాటు పడవ కూడా పైమట్టానికి లేస్తుంది. అప్పుడు ఎగువ తలుపు తెరుస్తారు. నీటి బలంతోనే పడవను పైకెత్తే ఉపాయమిది.

1867లో నాగపూరుకు రైలు వచ్చింది. నిర్మాణవ్యయమూ పెరిగింది. 1871లో ప్రభుత్వం ఎగువ గోదావరి నౌకాయాన పథకాన్ని విరమించింది.

నాటి ఆశయం నెరవేరకపోయినా కాలువ విలువ తరగలేదు. నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భద్రాచలం, పర్ణశాలలను దర్శించే యాత్రికులు దీని గట్టున నడిచి, లాకుల పనితీరును తెలుసుకొనే ఏర్పాటు చేయవచ్చు. వారికి దారి చూపి, చరిత్ర వివరించే పనిని స్థానిక కోయ యువతకు అప్పగిస్తే ఉపాధి లభిస్తుంది. కట్టడం తమదనే భావం ఊరివారిలో కలిగినప్పుడే ఈ వారసత్వం పదికాలాలపాటు నిలుస్తుంది.