ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది: డ్యాష్‌క్యామ్ ఎలా కొనాలి

"ఒరేయ్, ఆ కెమెరాలోంచి వీడియో ఎలా తీయాలిరా?"

పోయిన నవంబరులో ఒక రాత్రి తొమ్మిదింటికి నాన్న ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. నేను హాస్టల్ మెస్‌లో ఉన్నాను. గొంతు వినగానే ఏదో జరిగిందని అర్థమైంది.

నాన్నకి సొంత కారుంది. ట్రావెల్స్ వాళ్ళ దగ్గర పెట్టి కిరాయికి తిప్పుతారు, ఎక్కువగా విజయవాడ, హైదరాబాద్ మధ్య. ఆ రోజు కోదాడ దాటాక డివైడర్ గ్యాప్ దగ్గర ఒక బైక్ రాంగ్ రూట్‌లో వచ్చి కారుకి తగిలింది. నడిపే అబ్బాయికి కాలు విరిగింది. జనం పోగయ్యారు. మన దగ్గర రూల్ తెలిసిందే కదా, ఎప్పుడూ పెద్ద బండిదే తప్పు. నాన్న మాత్రం ధైర్యంగానే ఉన్నారు. "కెమెరా ఉంది, చూసి మాట్లాడండి" అన్నారట. ఎందుకంటే ఆ కెమెరాని ఎంచి కొన్నది కంప్యూటర్ సైన్స్ చదివే కొడుకు.

కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే చివరి ఫైలు ఏప్రిల్‌లోది. ఏడు నెలలుగా కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. లోపల ఒక్క సెకను కూడా రికార్డు కాలేదు.

చివరికి పెద్దమనుషుల మధ్య కూర్చుని, ఆసుపత్రి ఖర్చుకి అరవై వేలు ఇచ్చి రాజీ చేసుకున్నారు. నాన్న తప్పు లేదని నేను నమ్ముతాను. కానీ ఆ అబ్బాయి వాళ్ళమ్మ కూడా తన కొడుకు తప్పు లేదనే నమ్ముతుంది. ఇద్దరికీ జరిగింది చూపించగలిగిన వస్తువు అక్కడ ఒక్కటే ఉంది, అది పని చెయ్యలేదు.

నేను ఇంగ్లీష్ మీడియంలో చదివాను, తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే క్షమించండి. మీ ఇంట్లో కారుంటే "నువ్వు కంప్యూటర్స్ కదా, మంచి కెమెరా చెప్పు" అని మిమ్మల్నీ ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు నాలా చెప్పకండని ఇది రాస్తున్నాను.

నేను చూసినవి, చూడాల్సినవి

ఇంటర్ అయ్యాక సెలవుల్లో కొన్నాను. బాక్స్ మీద 4కె అని పెద్ద అక్షరాలు, 170 డిగ్రీల వైడ్ యాంగిల్, రేటింగ్ నాలుగున్నర స్టార్లు. ఇంకేం కావాలి అనుకున్నాను. కార్డు విడిగా కొనాలంటే నా పాత ఫోన్‌లోని 32 జీబీ కార్డు తీసి అందులో పెట్టాను. డబ్బు మిగిలిందని నాన్న కూడా సంతోషించారు.

నా మొత్తం తప్పు ఆ కార్డులోనే ఉంది. లెక్క చూడండి.

మా కెమెరా సెకనుకి సుమారు 15 మెగాబిట్లు రాస్తుంది. 8తో భాగిస్తే సెకనుకి 1.875 మెగాబైట్లు, అంటే గంటకి 6.75 జీబీ. 32 జీబీ కార్డు ఐదు గంటలలోపే నిండిపోతుంది. నిండాక కెమెరా ఆగదు, అన్నిటికన్నా పాత ఫైలుని చెరిపి దాని మీద కొత్తది రాస్తుంది. దీన్నే లూప్ రికార్డింగ్ అంటారు. నాన్న రోజుకి తొమ్మిది గంటలు బండి నడిపితే కార్డు మొత్తం దాదాపు రెండుసార్లు తిరగరాసినట్టు. ఏడాదిలో 300 రోజులు తిప్పితే సుమారు 570 సార్లు.

ఫ్లాష్ మెమరీలో ఒక్కో సెల్‌ని చెరిపి రాయడానికి ఒక పరిమితి ఉంటుంది. కార్డు రకాన్ని బట్టి అది కొన్ని వందల నుంచి కొన్ని వేల సార్లు. ఫోన్‌లో ఆ కార్డు మీద పాటలు, ఫోటోలు ఉంటాయి. ఒకసారి రాసి వందసార్లు చదువుతాం, కాబట్టి ఏళ్ళ తరబడి వస్తుంది. డ్యాష్‌క్యామ్‌లో కథ పూర్తిగా రివర్స్. రాయడమే తప్ప చదవడం ఉండదు. ఫోన్‌లో మూడేళ్ళు నిక్షేపంగా ఉన్న కార్డు కారులో ఏడాది కూడా నిలవలేదు.

దీనికి రెండు పరిష్కారాలు. ఒకటి, ఎండ్యూరెన్స్ కార్డు కొనడం. ఇలా ఆపకుండా రికార్డు చేసే కెమెరాల కోసమే వాటిని చేస్తారు, ఎన్ని గంటల రికార్డింగ్‌కి గ్యారంటీనో కంపెనీ రాసి ఇస్తుంది. మామూలు కార్డుల వారంటీ షరతులు చదివితే కొన్నిట్లో డ్యాష్‌క్యామ్‌లో వాడితే వారంటీ వర్తించదని ఉంటుంది. రెండోది, పెద్ద సైజు తీసుకోవడం. అదే కెమెరాలో 128 జీబీ కార్డు పెడితే ఏడాదికి 570 కాదు, సుమారు 140 సార్లే తిరగరాస్తుంది. నాలుగు రెట్ల చోటుంటే అరుగుదల నాలుగో వంతు. కొనేముందు మీ కెమెరా ఎంత సైజు దాకా తీసుకుంటుందో మాన్యువల్‌లో చూడండి.

4కె అనే మాయ

ప్రమాదం తర్వాత మా కెమెరా మోడల్ గురించి వెతికితే అందులో ఉన్నది 2 మెగాపిక్సెల్ సెన్సర్ అని తెలిసింది. 4కె ఫ్రేమ్ అంటే 3840 x 2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్ళు. 20 లక్షలతో తీసి సాగదీసి 4కె అని ముద్ర వేశారన్నమాట. పాలల్లో నీళ్ళు పోస్తే గ్లాసు నిండుతుంది గానీ పాలు పెరగవు కదా. అందుకే బాక్స్ మీది అంకె కాదు, సెన్సర్ పేరు చూడండి. సోనీ ఐఎమ్ఎక్స్ 415, 678 అయితే 8 మెగాపిక్సెల్, నిజంగా 4కె తీయగలవు. ఐఎమ్ఎక్స్ 335 అయితే 5 మెగాపిక్సెల్. 307 అయితే 2. సెన్సర్ పేరే చెప్పని కంపెనీ ఉంటే ఎందుకు చెప్పలేదో ఆలోచించండి.

అసలు 4కె దేనికి అంటే అందరూ నంబర్ ప్లేటు కోసం అంటారు. దానికీ ఒక లెక్క వేశాను. మన కార్ల హై సెక్యూరిటీ ప్లేటు పొడవు 500 మిల్లీమీటర్లు. పది మీటర్ల దూరంలో అది సుమారు 2.9 డిగ్రీల కోణంలో కనిపిస్తుంది. 140 డిగ్రీల లెన్స్, 1080పి వీడియో అయితే డిగ్రీకి దాదాపు 14 పిక్సెళ్ళు. అంటే ప్లేటు మొత్తానికి 40 పిక్సెళ్ళు, పది అక్షరాలకి పంచితే ఒక్కోదానికి నాలుగు. నాలుగు పిక్సెళ్ళలో 8కీ బి కీ తేడా బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. ఐదు మీటర్లకి వస్తే ఎనిమిది పిక్సెళ్ళు, కష్టపడితే చదవచ్చు. నిజమైన 4కె అయితే ఆ ఎనిమిది పది మీటర్ల దగ్గరే వస్తాయి. 170 డిగ్రీల లెన్స్ గొప్ప అనుకున్నాను కదా, అవే పిక్సెళ్ళు ఇంకా పల్చగా పరుచుకుంటాయి.

రాత్రి అయితే ఇదీ ఉండదు. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో చీకటి పడితే ఒక్కో ఫ్రేమ్‌కి షట్టర్ 1/30 సెకను దాకా తెరిచి ఉండొచ్చు. ఎదురుగా వచ్చే బండికీ మీకూ మధ్య వేగం గంటకి 60 కిలోమీటర్లే అనుకున్నా ఆ కాసేపట్లో అది అర మీటరు పైన జరుగుతుంది. అక్షరాలు అలికినట్టు అయిపోతాయి. అందుకే ఒక చిట్కా: మైక్ ఆన్‌లో ఉంచి, గుద్ది వెళ్ళిపోయే బండి నంబర్‌ని గట్టిగా పైకి చదవండి. కళ్ళు చదివింది కెమెరా వింటుంది. కిరాయి బండి అయితే మాటలు కూడా రికార్డవుతున్నాయని ఎక్కినవాళ్ళకి ముందే చెప్పడం మర్యాద.

నేను చెప్పేదేంటంటే, ఏ బండి ఎటు నుంచి వచ్చింది, సిగ్నల్ ఏ రంగులో ఉంది, మన బండి ఏ లేన్‌లో ఉంది, ఇవన్నీ మంచి 1080పి లో కూడా తెలుస్తాయి. నాన్నకి ఆ రాత్రి కావాల్సింది అంతే. దొంగ 4కె కన్నా నిఖార్సయిన 1080పి నయం.

ఎండ, కరెంటు

మాది నందిగామ వైపు. మే నెలలో 45 డిగ్రీలు చూస్తాం. అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారులో డ్యాష్‌బోర్డు 70 దాకా కాలిపోతుంది. చాలా లిథియం బ్యాటరీలని 60 డిగ్రీలు దాటనివ్వకూడదు, 45 దాటితే ఛార్జ్ కూడా చెయ్యకూడదు. బ్యాటరీ ఉన్న కెమెరా అద్దానికి అంటుకుని అక్కడే ఉంటే కొన్ని వేసవులకి అది ఉబ్బుతుంది. అందుకే సూపర్ కెపాసిటర్ ఉన్న కెమెరా తీసుకోండి. అది వేడిని ఎక్కువ తట్టుకుంటుంది. కాకపోతే అది దాచేది కొద్ది సెకన్ల కరెంటే.

కొద్ది సెకన్లు ఎందుకు అంటారా? ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టిక మామూలుగా రికార్డింగ్ అయిపోయాక రాస్తారు. మధ్యలో కరెంటు పోతే వీడియో డేటా కార్డులో ఉంటుంది, కానీ ఫైలు తెరుచుకోదు. గట్టిగా గుద్దుకుంటే మొదట ఊడేది ఆ వైరే. అంటే మనకి అన్నిటికన్నా అవసరమైన ఫైలే అన్నిటికన్నా ప్రమాదంలో ఉంటుంది. ఆ చివరి పట్టిక రాసి ఫైలు మూసెయ్యడానికే ఆ కొద్ది సెకన్లు. ఫైలుని ఒక నిమిషం ముక్కలుగా పెట్టుకుంటే పోయినా తక్కువ పోతుంది.

దీన్ని కొన్న వారంలోనే, రిటర్న్ గడువు ఉండగానే, ఇంట్లో పరీక్షించొచ్చు. రికార్డింగ్ నడుస్తుండగా వైరు పీకెయ్యండి. చివరి ఫైలు తెరుచుకుందా? పదిసార్లు చెయ్యండి. ల్యాబ్‌లో మన ప్రోగ్రామ్‌కి కావాలని తప్పుడు ఇన్‌పుట్ ఇస్తాం చూడండి, ఇదీ అంతే. రివ్యూలు వంద చదివినా తెలియనిది ఈ పది నిమిషాల్లో తెలుస్తుంది.

నోరు మూయకండి

ఇప్పుడు నాకు సిగ్గనిపించే సంగతి. మా కెమెరాకి నోరుంది. కార్డు పాడైతే ఆడ గొంతుతో చెప్తుంది. కానీ స్టార్ట్ చేసినప్పుడల్లా ఏదో ఒకటి మాట్లాడుతుందని, ప్యాసింజర్లకి చిరాకని, ఆ గొంతుని సెట్టింగ్స్‌లో మ్యూట్ చేసింది నేనే. స్క్రీన్ కూడా నిమిషానికి ఆఫ్ అయ్యేలా పెట్టాను. ఏడు నెలలు అది "నావల్ల కావట్లేదు" అని చెప్తూనే ఉండి ఉంటుంది, వినేవాళ్ళు లేరు. ఎర్ర లైటు కరెంటు ఉందని మాత్రమే చెప్తుంది.

కాబట్టి కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న "ఇది ఎంత బాగా తీస్తుంది" ఒక్కటే కాదు. "పని మానేస్తే నాకెలా తెలుస్తుంది" అన్నది కూడా. బీప్ కొడుతుందా? లైటు రంగు మారుతుందా? ఫోన్‌కి మెసేజ్ వస్తుందా? ఏదీ లేకపోతే ఎంత మంచి లెన్స్ ఉన్నా వద్దు.

వీడియో దొరికాక

ప్రమాదం జరిగితే ముందు మనుషుల్ని చూడండి. తర్వాత కార్డు తీసి జేబులో పెట్టుకోండి. అలాగే వదిలేసి బండి నడిపితే లూప్ రికార్డింగ్‌లో ఆ ఫైలు చెరిగిపోవచ్చు. కుదుపుకి ఫైలుని లాక్ చేసే జీ-సెన్సర్ ఉంటుంది గానీ దాని ఒక్కదాన్నే నమ్ముకోకండి. తేదీ, టైమ్ సరిగ్గా ఉండాలి, జీపీఎస్ ఉన్న కెమెరా అయితే అదే సరిచేసుకుంటుంది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి. కాపీ ఇస్తే దానితో సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ ఫారంలో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. అవును, మనం క్లాసులో చదివే ఎస్‌హెచ్ఏ-256 లాంటిదే. అందుకే వీడియోని వాట్సాప్‌లో మామూలుగా పంపి అదే అసలు అనుకోకండి. అది కుదించి పంపుతుంది, హ్యాష్ మారిపోతుంది. అసలు కార్డుని దాచి పెట్టండి.

ఇప్పుడు

సంక్రాంతి సెలవుల్లో కొత్తది పెట్టాం. 4కె కాదు. కెపాసిటర్, జీపీఎస్, 128 జీబీ ఎండ్యూరెన్స్ కార్డు, గొంతు ఆన్. వైరుని నాన్నే పదిసార్లు పీకారు. కెమెరా ధరలో మూడో వంతు కార్డుకే అయింది, ఈసారి ఎవరం బాధపడలేదు.

నాన్న నన్ను ఏమన్నా అంటారేమో అనుకున్నాను. డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. "ఇరవై రెండేళ్ళు నడిపానురా. ఇప్పుడు ట్రావెల్స్ ఆఫీసులో నా పేరు పక్కన యాక్సిడెంట్ అని రాసుకున్నారు" అన్నారు, అంతే. దానికి నా దగ్గర జవాబు లేదు, కొత్త కెమెరా దగ్గర కూడా లేదు.

ప్రతి నెలా మొదటి ఆదివారం నాన్న కార్డు తీసి, ఒక ఫైలు తెరిచి చూసి, నాకు ఫోన్ చేస్తారు. బాగున్నావా, తిన్నావా అనే ముందే చెప్తారు.

"నిన్నటి తేదీ ఉందిరా."