మొక్కజొన్న నుండి మానవకణమునకు

ఒక యింట నొకరికి రాచపుండు, అనగా క్యాన్సరు, వచ్చినచో ఆ యింటివారు దానిని నలుగురితో చెప్పుటకు వెనుకాడుదురు. పిల్లల పెండ్లిండ్లకు అడ్డము వచ్చునేమో యని వారి భయము. వాడిపట్టి ప్రాంతమున స్థిరపడి, తరతరములుగా బంధువర్గములోనే సంబంధములు కలుపుకొనుచున్న మనవారిలో ఈ భయము మరింత సహజము. ఈ వ్యాధికిని వంశమునకును గల సంబంధ మెట్టిది? ఈ ప్రశ్నను శోధించినవారిలో తెలుగువారగు ఆచార్య రాజు ఎస్. కె. చాగంటిగారు ముఖ్యులు. వారి కృషిని మన విద్యార్థులకు తెలియజేయ దలచితిమి.

చాగంటివారు మొదట వృక్షశాస్త్రజ్ఞులు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదివిరి. పూసలవంటి గింజలు కాచు ‘కోయిక్స్’ అను గడ్డిజాతిని గూర్చి ఆచార్య జె. వెంకటేశ్వర్లుగారును వీరును కలసి వ్రాసిన గ్రంథము 1973లో ప్రకటింపబడినది. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మొక్కజొన్నకును, దానికి చుట్టమైన ట్రిప్సాకమను గడ్డికిని పుట్టిన సంకరజాతులను పరిశీలించిరి. ఆ పరిశోధన 1965లో వెలువడెను.

గడ్డిమొక్కలు చూచినవారు మనుష్యుల వ్యాధులలోనికి ఎట్లు వచ్చిరి? మొక్కకైనను మనిషికైనను వంశలక్షణములను మోయునవి కణములోని క్రోమోజోములే. వానికి రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచు విద్య రెండింటికిని ఒక్కటే. మానవకణమున 46 క్రోమోజోములున్నవని 1956లో నిర్ధారణ యైనది. వానిలో 23 తండ్రినుండియు, 23 తల్లినుండియు మనకు సంక్రమించును.

1954లో డేవిడ్ బ్లూమ్ అను చర్మవైద్యుడు ఒక అరుదైన వ్యాధిని వర్ణించెను. ఈ వ్యాధి గల బిడ్డలు పొట్టిగా నుందురు. ఎండ తగిలినచో ముఖము కందును. చిన్న వయస్సుననే పలువురికి క్యాన్సరు పుట్టును. 1974లో చాగంటివారు, షోన్‌బర్గు, జేమ్సు జెర్మన్ అను సహచరులతో కూడి వీరి రక్తకణములను పరిశీలించిరి. కణము విభజన చెందుటకు ముందు ప్రతి క్రోమోజోము రెండు జంటపోగులగును. ఆ పోగులు రెండును వేరువేరు ఛాయలతో కనబడునట్లు రంగు వేసినచో, ఒకదాని ముక్క మరియొకదానికి మారినచోటు స్పష్టముగ తెలియును. ఆరోగ్యవంతుల కణమునకు సగటున ఇట్టి మార్పిడులు 6.9 మాత్రమే యుండగా, రోగుల కణమునకు 89 కనబడెను! క్రోమోజోముల అస్థిరతకును క్యాన్సరుకును గల సంబంధమును ఈ ఫలితము కంటికి కట్టినట్లు చూపినది. దీనికి మూలమైన జన్యువును 1995లో జెర్మన్‌గారి బృందము కనుగొనెను.

ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. ఈ రోగుల తలిదండ్రుల కణములు మామూలుగనే యుండెను. దోషము గల జన్యువు ఒక్కటి మాత్రమే యున్నచో వ్యాధి రాదు. తలిదండ్రు లిరువురియందును అది యున్నపుడు ప్రతి బిడ్డకును నాలుగింట నొకవంతు అవకాశము కలుగును. మేనరికమున వధూవరుల పూర్వులు ఒక్కరే కనుక, ఒకే దాగియున్న జన్యువు ఇరువురికిని సంక్రమించియుండు అవకాశము హెచ్చు. బ్లూమ్ వ్యాధి మిక్కిలి అరుదు. అది మనలో నున్నదని మేము చెప్పుట లేదు. ఇట్టి వ్యాధులు పెక్కు గలవు కనుక, దగ్గర సంబంధము కలుపుకొనువారు ముందుగా వైద్యుని సలహా పొందుట మేలు.

1976లో చాగంటివారు న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సరు సంస్థలో చేరిరి. కొన్ని కంతులు ఏ అవయవమున పుట్టినవో వైద్యులకు అంతుపట్టదు. బీజకణములనుండి పుట్టిన కంతులలో 12వ క్రోమోజోము పొట్టిభాగము సాధారణముగ అధికమైయుండును. ఆ గుర్తును అంతుపట్టని కంతులలో వెదకి, అది కనబడిన రోగులకు సిస్‌ప్లాటిన్ ఔషధము ఎక్కువగా గుణమిచ్చుచున్నదని వారి బృందము 1995లో ప్రకటించెను. క్రోమోజోము వైద్యునికి దారి చూపినదన్న మాట! అంతకు ముందే 1993లో, కొన్ని లింఫోమాలలో స్థానము తప్పు బి.సి.ఎల్.–6 అను జన్యువును కనుగొనిన పరిశోధకులలోను వీరొకరు.

క్యాన్సరు తాకినంతమాత్రమున అంటదు. అది శాపమును గాదు. పెక్కు క్యాన్సరులు వంశపారంపర్యములు గావు. పొగాకు మున్నగు కారణములవలన జీవితకాలమున కణములో గలుగు మార్పులచే పుట్టును. కనుక దాచుటకంటె తొలిదశలోనే వైద్యునికి చూపుట మేలు. విద్యార్థులారా, తరగతిలో ఉల్లిపొరను సూక్ష్మదర్శినిలో చూచునపుడు దానిని తేలికగా తలపకుడు. గడ్డిపోచను శ్రద్ధగ చూచిన కన్నులే మానవుని మహావ్యాధిని గూర్చి కొంత తెలుపగలిగినవి.