ఆయుష్మాన్ కార్డు ఉన్నా స్కానింగ్ బిల్లు ఎందుకు కట్టాల్సి వస్తోంది?

నోయిడా: నడుము నొప్పితో ఆసుపత్రికి వెళ్లిన రోగికి వైద్యుడు ఎంఆర్ఐ రాస్తారు. చేతిలో ఆయుష్మాన్ కార్డు ఉంది, అది చెల్లుబాటులోనే ఉంది, ఆసుపత్రి కూడా పథకం జాబితాలోనిదే. అయినప్పటికీ స్కానింగ్ కౌంటర్ వద్ద వేల రూపాయలు చెల్లించమంటారు. చాలా సందర్భాల్లో ఇది మోసం కాదు, నిబంధనే.

2018 సెప్టెంబరు 23న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు నగదు రహిత చికిత్స అందిస్తుంది. అయితే ఈ రక్షణ ఆసుపత్రిలో చేరినవారికే. ఓపీలో చూపించుకొని, పరీక్ష చేయించుకొని ఇంటికి వెళ్లేవారికి ఇది వర్తించదు. ప్రకటనల్లో కనిపించే ‘ఉచిత వైద్యం’ అన్న మాట ఈ తేడాను మరుగుపరుస్తోంది. ‘ఆసుపత్రిలో చేరిక’ అని అనువదించాల్సిన చోట ‘వైద్యం’ అని రాసేసిన పాపంలో మా వృత్తివారికీ వాటా ఉంది.

రోగి చేరితే పరిస్థితి మారుతుంది. చికిత్స ప్యాకేజీ ధరలోనే అవసరమైన సీటీ, ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్ వంటి పరీక్షల ఖర్చు కలిసి ఉంటుంది. చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల వరకు పరీక్షలు, మందులు కూడా పథకం పరిధిలోకి వస్తాయి. చిక్కంతా ఇక్కడే. వ్యాధి ఏమిటో తేల్చడానికి స్కాన్ కావాలి. స్కాన్ ఫలితం వస్తేగానీ చేర్చుకోవాలో లేదో వైద్యుడు నిర్ణయించలేరు. బయటి కేంద్రంలో డబ్బు కట్టి వారం తర్వాత శస్త్రచికిత్సకు చేరితే ఆ బిల్లు రోగి మీదే పడుతుంది. అందుచేత ఖరీదైన స్కాన్ రాసినప్పుడు బయటికి పరుగెత్తక ముందే, ఆసుపత్రిలోని ఆయుష్మాన్ మిత్రను కలిసి ‘చేరిక ఎప్పుడు, ఈ పరీక్ష ప్యాకేజీలో ఉందా’ అని అడగడం మేలు. జవాబు స్పష్టంగా లేకపోతే 14555కు ఫోన్ చేయవచ్చు.

తెలుగు రాష్ట్రాల నుంచి పిల్లల ఉద్యోగాల వల్ల నోయిడాకు వచ్చి స్థిరపడిన పెద్దలకు మరో విషయం. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ప్రైవేటు బీమా ఉన్నవారూ అర్హులే. సీజీహెచ్ఎస్ వంటి పథకాల్లో ఉన్నవారు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకునే ముందు తూకం వేసుకోవాలి, ఎందుకంటే సీజీహెచ్ఎస్‌లో ఓపీ రోగులకూ నిర్ణీత ధరలపై స్కానింగ్ సదుపాయం ఉంది.

నెల వేతనం రూ.21 వేల లోపు ఉన్న కార్మికులకు ఈఎస్ఐ మరింత అనుకూలం. చేరకపోయినా పరీక్షలు చేస్తారు. నోయిడా సెక్టార్ 24లోని ఈఎస్ఐ ఆసుపత్రి ఇందుకోసమే ఉంది. యంత్రం లేని పరీక్షకు రెఫరల్ పత్రంపై ఒప్పందం ఉన్న కేంద్రానికి పంపుతారు. ఆ పత్రం లేకుండా నేరుగా వెళితే కౌంటర్‌లో డబ్బే అడుగుతారు.

ఇక తెలంగాణలో బీమాతో సంబంధం లేకుండా, ప్రభుత్వ ఆసుపత్రులు పంపిన రోగులకు ఉచిత పరీక్షలు చేసే తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018లో హైదరాబాద్‌లో మొదలైంది. ఓపీ రోగి సమస్యకు ఇది భిన్నమైన జవాబు.